వ్యాన్‌లో పొంగిన పాలు

పిల్లలూ, మన వ్యాన్ కప్పు పైకి లేపితే చుట్టూ గుడారంలా నిలబడే గుడ్డ ఉంటుంది కదా, అది వరంగల్‌లో చిరిగిపోయింది. వాన కారి పరుపంతా తడిసింది. "ఇక చాలు, ఇంటికెళ్ళి దీన్ని అమ్మేద్దాం" అన్నారు మీ తాతయ్య. నాకేమో ఏటూరునాగారం అడవి చూడాలని ఉంది.

అక్కడే షామియానాలు కుట్టే యాకూబ్ అనే అతను పాత గుడ్డ విప్పేసి, అదే కొలతకి కొత్త కాన్వాస్ కుట్టి బిగించాడు. బకెట్టుతో నీళ్ళు పోసి చూస్తే చుక్క కూడా కారలేదు. అయినా తాతయ్య, "పద, ఇంటికే" అంటూ బండి తాళాలు చేతిలోకి తీసుకున్నారు.

యాకూబ్ అడ్డమొచ్చాడు. "గట్లెట్ల పోతరు పెద్దాయనా? కొత్త ఇంట్ల పాలు పొంగియ్యరా?"

"ఇది ఇల్లేంటయ్యా, బండి!"

"పండుకునేది దీంట్లనే గదా? మీ పద్ధతి నేను చెప్పాల్నా? జర ఆగుండ్రి" అని నవ్వుతూ పాల ప్యాకెట్ తెచ్చాడు.

వ్యాన్‌లోని చిన్న స్టవ్ మీద పాలు పొంగించాను. ముగ్గురం తలా గ్లాసు తాగాం.

"పాలు పొంగినంక ఆ రాత్రి దాంట్లనే నిద్ర చెయ్యాలె, పెద్దాయనా" అన్నాడు యాకూబ్.

తాతయ్య కొత్త గుడ్డని ఒకసారి చేత్తో తడిమి, నా వైపు తిరిగారు.

"ఆ నిద్రేదో ఏటూరునాగారంలో చేద్దాంలే. ఎక్కు."