బాతులాయన ఆపేసిన మైకు

పళ్ళ సెట్లు చేసే మనిషికి బాతుల పిచ్చేమిటని మీరడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆయన్నడిగినా ఉండదు. వారమంతా పళ్ళ డాక్టరు గారి ఆసుపత్రి వెనక గదిలో, కిటికీ కింద బల్ల ముందు కూర్చుని, ముక్కూ మొహం తెలియనివాళ్ళ పళ్ళు అరగదీస్తుంటాడు. చేతిలో గిర్రున తిరిగే చిన్న మోటారు, ముఖానికి గుడ్డ, చెవుల్లో దూది. అయినా ఆ రొద ఇంటిదాకా వెంటొస్తుంది. అందుకే ఆదివారం ఆయనకి నిశ్శబ్దం కావాలి. మామూలు నిశ్శబ్దం కాదు మహాప్రభో, ఈగ వాలినా వినపడాలి.

ఊరి చివర పాత రాళ్ళ క్వారీ ఒకటుంది. తవ్వడం మానేశాక నీళ్ళు నిండిపోయాయి. చలికాలంలో అక్కడికి మునిగే బాతులొస్తాయి. వాటిని వీడియో తీయడానికి ఆయన ఆదివారాలు కెమెరా పట్టుకుని బయల్దేరతాడు. ఎర్ర తల, బూడిదరంగు వీపు. తల ముంచి తోక పైకెత్తే రకం కాదివి. బాతు బాతంతా బుడుంగున మాయమైపోతుంది. మళ్ళీ ఎక్కడ తేలుతుందో దానికే తెలియాలి. అది నీళ్ళ కింద ఉన్నంతసేపే మనం గట్టుమీద ముందుకు నడవాలి. తేలగానే ఎక్కడివాళ్ళం అక్కడే బిగుసుకుపోవాలి. ఒక కాలు గాల్లో ఉంటే గాల్లోనే. బాతులాయన ఇలా కొంగలా నిలబడటం మొదటిసారి చూసినప్పుడు ఆయన భార్య పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆమెది బస్టాండులో విచారణ కిటికీ దగ్గర ఉద్యోగం. ఏ బస్సు ఎక్కడాగుతుందో రోజంతా గొంతు చించుకుని చెప్పే మనిషి. అలాంటి మనిషి ఆదివారాలు ఈయన వెంట క్వారీకి వచ్చేది. కెమెరాలోంచి ఆయనకి అరచేతి మేర నీళ్ళే కనపడతాయి కదా, గుంట మొత్తం చూసేది ఆమే. బాతు ఎటు తేలిందో ఆమె చెబితేనే ఆయనకి దిక్కు. ఆ చెప్పడం కూడా బస్టాండు పద్ధతిలోనే చెప్పేది, పాపం!

ఒకరోజు ఆయన గట్టిగా కసిరాడు. అప్పట్నుంచి ఆమె నోరు మాని చెయ్యి వాడింది. బాతు ఎడమన తేలితే ఎడమ భుజం మీద, కుడిన తేలితే కుడి భుజం మీద ఒక చిన్న తట్టు. ఆ రోజుల్లోనే ఒక పాత వీడియోని పక్షుల ఫొటోలు తీసే స్నేహితులకి పంపితే, ఎవడో చమత్కారి "బాతు బాగుంది గానీ, ఆ వ్యాఖ్యానం ఎవరిదండీ?" అన్నాడు. ఈయనకి తల కొట్టేసినట్టయింది. కెమెరాలో మైకు ఆపేశాడు. పాత వీడియోల్లో కూడా శబ్దం తీసేశాడు. ఆమె తట్టినప్పుడల్లా బొమ్మ కాస్త ఊగేది. ఊగినవన్నీ ఇంటికొచ్చి చెరిపేసేవాడు. పళ్ళు అరగదీసే చెయ్యి కదా, ఎగుడుదిగుడు కనిపిస్తే ఊరుకోదు.

కిందటి వానాకాలం ఆమెకి జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో చేరింది. తిరిగి రాలేదు.

వారం తిరక్కుండానే ఆయన బల్ల ముందు కూర్చుని ఎవరిదో కింది పలువరస అరగదీశాడు. ఎలా ఉన్నారని డాక్టరుగారు అడిగితే బాగానే ఉన్నానన్నాడు. అబద్ధమేమీ కాదు. ఆయనకి ఎలానూ లేదు. అన్నం తింటే తిన్నట్టు లేదు, పడుకుంటే పడుకున్నట్టు లేదు. ఏడుపొస్తే బాగుండుననుకున్నాడు. అదీ రాలేదు.

చలికాలం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం కూతురొచ్చింది. ఆ అమ్మాయి అదే ఊళ్ళో మందుల షాపులో పనిచేస్తుంది. చెప్పులు విప్పీ విప్పకముందే అంది:

"నాన్నా, అమ్మ ముఖం గుర్తొస్తోంది గానీ గొంతు గుర్తు రావట్లేదు. ఎంత అనుకున్నా రావట్లేదు. నా ఫోన్లో ఒక్క ముక్క కూడా లేదు. నీ వీడియోల్లో ఉంటుంది కదా?"

ఆయన కంప్యూటర్ తెరిచాడు. బాతు మునిగింది, తేలింది. ఇంకో బాతు మునిగింది, తేలింది.

"సౌండు పెట్టు నాన్నా."

"పెట్టే ఉందమ్మా."

మైకు సంగతి చెప్పాడు. భుజం తట్టే సంగతీ, బొమ్మ ఊగే సంగతీ చెప్పాడు.

"పోనీ ఆ ఊగినవైనా చూపించు."

"తీసేశాను."

"అన్నీనా?"

"బాగా రాలేదు కదమ్మా."

కూతురు ఆయన వంక చూసింది. "నువ్వసలు మనిషివేనా నాన్నా!" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయన మౌస్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. తిట్టు తగిలిందో లేదో ఆయనకే తెలియలేదు.

కాసేపటికి లేచి స్టూలు వేసుకుని అటక మీంచి పాత కెమెరా సంచి దించాడు. పక్క జేబులో పాడైపోయిన బ్యాటరీల మధ్య ఒక మెమరీ కార్డు దొరికింది. అందులో మిగిలినవన్నీ చెడిపోయాయి. ఒక్క వీడియో తెరుచుకుంది.

గాలి. నీళ్ళు. అంతలో గది మొత్తం నిండిపోయేలా ఆమె గొంతు.

"ఏమండీ, ఎటు చూస్తున్నారు? ఆ బండ పక్కన! అదిగో లేచింది, ఎర్ర తలది! అయ్యో అయ్యో, మళ్ళీ మునిగి..."

"ఉష్! కాసేపు నోరు మూసుకుంటావా!"

ఆ రెండోది ఆయనే.

ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. గాలొక్కటే వీస్తోంది. ఇద్దరూ తెర వంక చూస్తూ ఉన్నారు. ఉన్నట్టుండి బొమ్మ ఒక్కసారి ఊగింది. కెమెరా కుడివైపు తిరిగింది. అక్కడ బాతుంది.

"అదేంటి?" అంది కూతురు.

"మీ అమ్మ. కుడి భుజం మీద తట్టింది. మొదటిసారి."

కూతురు మళ్ళీ పెట్టమంది. పెట్టాడు. మళ్ళీ మళ్ళీ పెట్టాడు. ఉష్ అన్న చోటికి వచ్చినప్పుడల్లా దగ్గేవాడు.

"నేను కసిరిన ముక్క కోసేసి మిగతాది నీ ఫోన్లో వేస్తానమ్మా."

"వద్దు నాన్నా. ఉన్నది ఉన్నట్టు ఇవ్వు. నువ్వింకేమీ కొయ్యకు."

ఉన్నది ఉన్నట్టే ఇచ్చాడు.

ఆదివారం ఎప్పటిలా క్వారీకి వెళ్ళాడు. కెమెరాలో మైకు ఎక్కడుందో వెతికి ఆన్ చేశాడు. ఎర్ర తలది ఒకటి మునిగింది. ముందుకు నడవాల్సిన సమయమది. నడవకుండా నిలబడ్డాడు. ఎక్కడో లారీ హారను మోగింది. గాలి వీచింది. తట్టించుకోడానికన్నట్టు భుజాలు రెండూ అప్పగించి, కెమెరా కంటికి ఆనించుకుని చాలాసేపు చూశాడు. బాతు ఎటు తేలిందో ఆయనకి ఎవరూ చెప్పలేదు.