గొడ్ల తర్వాతే ఇంజనీరు

మొన్న జడ్చర్ల దాటాక ఒక రైతు కుటుంబం పాత ఇంట్లో దిగాం. సున్నం, రంగులు వేసి, పడకా పొద్దుటి నాష్టా కలిపి కిరాయికి ఇస్తున్నారు. ఏడింటికల్లా జొన్నరొట్టె తెచ్చిపెట్టి, ఇది మా ప్రత్యేకత అన్నారు. నాకు నవ్వాగలేదు. ఈ పని మా మేనత్త అరవై ఏళ్ళ కిందటే కొత్తకోట దగ్గర చేసింది. పైగా వచ్చినాయన్ని ఆకలితో కూచోబెట్టి మరీ గెలిచింది.

ఆమెది సడక్ పక్కన నూరేళ్ళు దాటిన రాతి ఇల్లు. నడుమ వాకిలి, పక్కన కొట్టం, లావాటి టేకు దూలాలు. మామ పోయాక ఆయన అన్నకు ఆ దూలాల మీద కన్ను పడింది. ఇల్లు విప్పి ఆ కలపతో మిల్లు కడతానని పట్టు. మేనత్తకు ఉండటానికి ఇంకో జాగా లేదు. ఆఫీసర్లకు కిరాయికిచ్చి ఇల్లు నిలుపుకుంటానంది. ఆయన మీసాల్లో నవ్వి, "గీ పాత కొంపల ఎవడు పంటడు? వచ్చినోడు మల్లొక్కపారి వస్తె నేను నీ ఇంటి జోలికి రాను," అన్నాడు, నలుగురి ముందర.

మొదట వచ్చింది సడక్ పని చూసే పట్నం ఇంజనీరు. పొద్దున్నే బూట్లేసుకుని నాష్టాకు కూచున్నాడు. గొడ్లకు మేత పడనిదే మనుషులకు పొయ్యి వెలిగించకపోవడం ఆ ఇంటి రివాజు. ఆ రోజే కొట్టం మనిషి రాలేదు. అప్పుడు నాకు పెళ్ళైన కొత్త, ఆమెకు సాయంగా వచ్చి ఉన్నాను; రొట్టెలు చేసే పని నాది. ఈ ఒక్క దినం రివాజు పక్కన పెట్టమని బతిమాలాను. ఇల్లు పోతుందని నాకు భయం. అదే భయం ఆమె మొహంలోనూ ఉంది. అయినా వినలేదు. నేరుగా ఆయన దగ్గరికెళ్ళి, "సారూ, ఇంక ఆరు బర్లున్నయి. ఆకలైతాంటె జర మీరు గూడ చెయ్యెయ్యుండ్రి," అంది. మిల్లు కడతానన్న ఆమె బావగారు అరుగు మీద చుట్ట కాలుస్తూ తెగ సంబరపడ్డాడు.

ఇంజనీరు బిత్తరపోయి చూసి, మెల్లగా బూట్లు విప్పాడు. చొప్ప మోశాడు, కుడితి కలిపాడు. తర్వాత పొయ్యి ముందే పీటేసుకుని పుంటికూరతో నాలుగు రొట్టెలు తిన్నాడు. వెళ్తూ, "అమ్మా, మల్లొచ్చేదాక నా బర్రెను ఇంకొకరికి ఇయ్యకు," అన్నాడు.

ఎనిమిదో రోజున రెండు జీపులేసుకుని వచ్చాడు, ఇంకో నలుగుర్ని వెంటబెట్టుకుని. మేనత్త వాకిట్లో ఎంత ఠీవిగా నిలబడిందో! నాకు గర్వంతో కళ్ళు నిండాయి. బావగారు మాట తప్పలేదు, అది ఒప్పుకోవాలి. వాళ్ళ పరుపుచుట్టలు ఆయనే లోపలికి మోశాడు. ఆమె ఒక్క ఎత్తిపొడుపు మాటా అనలేదు. "కాళ్ళు కడుక్కోండ్రి బావా, తిందురు," అంది, అంతే.

ఆ రోజు అక్కడున్న వాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. కాలం మా మేనత్తనూ తీసుకుపోయింది, కాదనను. కానీ ఆ ఇంట్లోంచే తీసుకుపోయింది.