డోర్కాస్ వంచిన దీపం

కలకత్తా దగ్గరి సంత్రాగాఛి రైల్వే కాలనీలో ఉండే డోర్కాస్ పట్టాల బోల్టులు బిగించే పని చేస్తుంది. మే నెల వచ్చిందంటే ఆమెకి ఒకటే పట్టుదల: పొద్దుపోగానే దక్షిణాన, దాదాపు నేలకి ఆనుకొని కనిపించే సిలువ చుక్కల్ని ఇరుగుపొరుగు ఆడవాళ్లకి చూపించాలి. జూన్ మబ్బులు కమ్మితే మళ్లీ ఏడాది ఆగాలి. అడ్డమల్లా కుళాయి దగ్గరి పెద్దదీపమే. దాని ముఖం ఆకాశానికి. నీళ్లకెళ్లే దారి మాత్రం చీకటి.

దాన్ని సరిచేయమని కాలనీ ఆఫీసుకి మూడు అర్జీలు పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. ఇక లాభం లేదని బిందెలతో సహా ఆడవాళ్లందరినీ వెంటేసుకెళ్లి కాలనీ ఆఫీసు గుమ్మంలో కూర్చుంది. చీకటి పడ్డాక ఎలక్ట్రీషియన్ ఎడ్విన్ నిచ్చెనతో వచ్చాడు.

"చుక్కల కోసం దీపం ఆర్పీమంటావేటి, డోర్కాసక్కా?"

"ఆర్పొద్దురా, కిందకి వంచు. నీళ్లు మోసేది మేమా, మబ్బులా?"

ఎడ్విన్ నవ్వుకుంటూ వంచాడు. దారి వెలిగింది, ఆకాశం నల్లబడింది. దక్షిణాన రైలింజన్ల షెడ్డు కప్పు మీదుగా నాలుగు చుక్కలు సిలువలా తేలాయి. ఆడవాళ్లు బిందెల మీద దరువేశారు.

నిచ్చెన మీంచే ఎడ్విన్ ఆగ్నేయం వైపు చూపించాడు. "అక్కా, ఆ రెడ్ సిగ్నల్ కూడా వంచాలేటి?"

"సిగ్నల్ కాదురా, జ్యేష్ఠ నక్షత్రం! అర్జీ పెట్టకుండానే వెలిగింది, దాని జోలికెళ్లకు."