తొడకు కట్టుకొచ్చిన వీడియో గేమ్

ముందుగాల చాయ్ గుటక మింగున్రి. నడుమల నవ్వొస్తే ముక్కులకెల్లి వస్తది, తర్వాత నన్ను అనొద్దు. మొన్న ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ల నన్ను లైన్ల నుంచి తీసి పక్కకు నిలబెట్టిన్రు. నా తొడ మీద పచ్చ లైట్లు మెరుస్తున్నయి. మా ఆవిడ లలిత నన్ను ఎన్నడూ చూడనట్టు అటు దిక్కు తిరిగి నిలబడ్డది!

ఎట్లయిందంటే, మా శ్రావ్య ఆరో తరగతి, చిన్ను మూడో తరగతి. ఎండాకాలం సెలవులు మొదలైన కాన్నుంచి ఇద్దరిదీ ఒక్కటే గోల: "డాడీ, టీవీకి పెట్టుకునే వీడియో గేమ్!" రోజూ అడుగుడు, రోజూ అలుగుడు. ఆఖరికి ఒప్పుకున్న. "కానీ నేనే చూసి కొంట, మీరు రావొద్దు" అన్న. వాళ్ళొస్తే తుపాకులు పేల్చే ఆటలే అడుగుతరు. పొద్దంతా సోఫాల పండుకునే పిల్లలు జర కాళ్ళు చేతులు ఆడించాలని నా ఆశ.

"డాడీ, నీకు రిమోట్‌ల సౌండ్ బటన్ తప్ప ఏం తెల్వదు" అన్నది శ్రావ్య.

"పోచంపల్లి చీరల షాపు నడుపుతున్న బిడ్డా. నన్ను ఎవ్వడు మోసం చేస్తడు?"

పిల్లలను ఎల్బీ నగర్‌ల ఇంట్ల మా అత్తమ్మకు అప్పజెప్పి, నేను, లలిత దిల్‌సుఖ్‌నగర్‌ల దిగినం. గాజుల దుకాణం మీద, ఫస్ట్ ఫ్లోర్‌ల గేమ్‌ల షాపు. ఓనర్ సలీం భాయ్ మంచిగ కూసోబెట్టి, "పిల్లల వయసెంత సాబ్?" అని అడిగిండు.

నేనేమన్ననో తెలుసా? "ఎన్ని జీబీ?"

ఏదో తెలిసినోని లెక్క కనబడాలె గదా! సలీం భాయ్ నవ్వుకుంట మూడు మిషన్లు ముందల పెట్టిండు. ఒకటి డిస్క్ ఏసేది. ఒకటి నెట్ నుంచి గేమ్ దించుకునేది. మూడోది చిన్నగ ఉంది. టీవీకి పెట్టొచ్చు, చేతులల్ల పట్టుకొని సుత ఆడొచ్చు. పక్కలకు ఉన్న హ్యాండిళ్ళు ఊడదీసి ఇద్దరు పిల్లలకు చెరొకటి ఇయ్యొచ్చు.

మా లలితది గుంటూరు వైపు. ఏదైనా టక్కున తేల్చేస్తది. "ఇదే బాగుందండీ. కొట్టుకోకుండా ఇద్దరూ ఆడుకుంటారు. తీసుకుని వెళ్దాం పదండి."

గప్పుడే లేచి పోతే అయిపోతుండె! నేను పోలే. సలీం భాయ్ ఒక్కొక్కటే బయటికి తీస్తుండు. ఇంకో జత హ్యాండిళ్ళు సాబ్, ఛార్జింగ్ స్టాండ్ సాబ్, కార్ల ఆటకు స్టీరింగ్ సాబ్. నేను అన్నిటికీ తలకాయ ఊపుతున్న.

లలిత నా చెవిల అన్నది: "చీర కోసం వచ్చినావిడకి ఫాల్, జాకెట్ ముక్క, లంగా అంటగట్టేది మీరే కదా. ఇవాళ మీకు తగినవాడు దొరికాడు."

గంతల సలీం భాయ్ గుండ్రటి రింగు ఒకటి తీసిండు. "ఇది ఎక్సర్‌సైజ్ గేమ్. పిల్లలు సోఫా ఎక్కరు సాబ్!"

నా చెవులు నిక్కబొడుచుకున్నయి. "ట్రయల్ ఉందా?"

ఉంది. షాపు హ్యాండిల్ ఒకటి పట్టీల పెట్టి నా తొడకు కట్టిండు, రింగు చేతికిచ్చిండు. నేను జాగ కదలకుండ ఉరికితే టీవీల బొమ్మ కొండలు, వాగులు దాటుకుంట ఉరుకుతది. రింగు గట్టిగ ఒత్తితే ఎదురొచ్చిన రాక్షసుడు ఎగిరి పడుతడు. అబ్బబ్బ, ఏం మజా! వెనక తన వంతు కోసం వాళ్ళ నాన్నతోటి నిలబడ్డ పాప, "ఒత్తున్రి అంకుల్, ఒత్తున్రి!" అని ఒర్లుతుంది. చెమటలు కారుతున్నయి, అంగీ బయటికొచ్చింది. లలిత "చాలండీ" అన్నకొద్దీ నేను ఇంకింత ఉరుకుతున్న.

ఫోన్ మోగింది. శ్రావ్య! "డాడీ, గేమ్ వచ్చేదాక లేవనని చిన్ను గేటు కాడ కూసున్నడు. తొందరగ రా!"

రింగు కౌంటర్ మీద పెట్టిన, పైసలు కట్టి సంచులు అందుకున్న, లలితకంటే ముందలనే మెట్లు దిగిన. బజార్ల అందరూ నా కాలు దిక్కే చూస్తున్నరు. కొత్త పాంటు కదా అనుకున్న!

మెట్రోల చెకింగ్ కాడ మిషన్ కుయ్ కుయ్‌మన్నది. గార్డు, "సార్, ఆగున్రి. తొడకు ఏంది?" అన్నడు.

చూసుకుంటే పట్టీ గట్లనే ఉంది! దాంట్ల హ్యాండిల్ షాపుల మిషన్‌ను వెతుక్కుంటున్నదో ఏమో, లైట్లు కిందికి మీదికి ఉరుకుతున్నయి.

"వీడియో గేమ్" అన్న.

"తొడకా?"

"నేను ఉరికితే బొమ్మ ఉరుకుతది."

"ఏ బొమ్మ?"

"షాపుల ఉంది."

చెప్పినకొద్దీ కేసు ముదురుతున్నది. గార్డు పెద్ద మేడమ్‌ను పిలిచిండు. ఆమె, "ఎలా పనిచేస్తుందో చూపించండి" అన్నది. ఇగ ఏం జేస్త? లైన్ల అందరి ముందల ఉరికిన. ఒక పెద్దమ్మ "పాపం, మంచిగనే కనబడుతుండె" అనుకుంట పోయింది. కొన్న మిషన్ డబ్బా మీద గిసొంటి హ్యాండిల్ ఫోటో చూపెడితే గానీ మేడమ్ నమ్మలే. అప్పుడు నవ్వింది. "మా ఇంట్లోనూ ఉంది సార్. కానీ మేం ఇంట్లోనే కట్టుకుంటాం."

తర్వాత లలిత దిక్కు తిరిగి, "ఈయన మీవారేనా?" అని అడిగింది.

లలిత జర ఆలోచించి, "అవునండీ, ప్రస్తుతానికి" అన్నది!

మళ్ళ షాపుకు పోయినం. సలీం భాయ్, ఆ పాప, వాళ్ళ నాన్న ముగ్గురూ మోకాళ్ళ మీద కూసొని కౌంటర్ కింద వెతుకుతున్నరు. నన్ను చూసుడుతోనే పాప, "గీ అంకుల్ కాలుకే ఉంది!" అని ఒర్లింది. నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలె? పట్టీ విప్పి ఇచ్చి, మాఫీ అడిగి, ఆ సిగ్గుకు రింగు సుత కొనేసిన.

ఇంటికి రాంగనే పిల్లలు సంచుల మీద పడ్డరు. శ్రావ్య అన్నీ టకటక కనెక్ట్ చేసింది. అక్క ఉరుకుతుంటే తమ్ముడు చప్పట్లు, తమ్ముడు ఉరుకుతుంటే అక్క చప్పట్లు. కొట్లాట లేదు, అలుగుడు లేదు. చూస్తుంటే నా కడుపు నిండింది. "డాడీ, ఇప్పుడు నువ్వు!" అన్నరు. ఇగ ఆగుతనా? వద్దంటున్నా ఇద్దరి వంతులూ నేనే ఆడిన.

తెల్లారి కాళ్ళు నావి కాదు. ఎట్లనో నా చీరల షాపుకు పోయి పరుపు మీద కూలబడ్డ. ఇగ లేస్తే ఒట్టు! పొద్దంతా చేతికందిన చీరలే చూపిస్తున్న. ఒకామె వచ్చి, "పై అరల నెమలి రంగుది తీయున్రి" అన్నది.

"అది మీకు నప్పదమ్మా."

"తియ్యకముందే ఎట్ల తెల్సు? ఏమైంది, లేస్తలేరు?"

"నిన్న బాగ ఉరికినమ్మా. కాళ్ళు పట్టేసినయి."

"అయ్యో, ఎందాక ఉరికిన్రు?"

ఏం చెప్పాలె? "సోఫా ముందలికెల్లి" అన్న, "సోఫా ముందలిదాక."