అక్క కంచంలో తగ్గించిన అన్నం

అక్క పోయేనాటికి ఏమేం పోయాయో ఒక కాగితం మీద వేసుకున్నాను. ఒంటి బరువు ఇరవై మూడు కిలోలు: అరవై ఒకటి నుంచి ముప్పై ఎనిమిదికి. ముంజేతి నుంచి జారి ఎక్కడో పడిపోయిన వెండి కడియం ఒకటి. రవికలు లోపలికి కుట్టించింది నాలుగుసార్లు. అత్వెల్లిలో ఆమె కౌలుకు చేసిన ఆకుకూర మళ్లు ఏడు, నీళ్లు పెట్టే మనిషి లేక ఎండినవి. పొద్దున్నే ఆమె తెచ్చే కొత్తిమీర కోసం ఎదురుచూసే ఇళ్లు ఎన్నో ఆమెకే తెలుసు, అది రాయలేకపోయాను.

నేను చదివింది ఏడో తరగతి. దూలపల్లి దగ్గర లారీలు తూచే ధర్మకాంట మీద ఇరవై ఆరేళ్లుగా పని. లెక్కలన్నీ అక్కడే నేర్చుకున్నాను.

బావ లేడు, పిల్లలు లేరు. అక్క కళ్లు పచ్చబడి, వెన్నులోకి నొప్పి దిగడం మొదలయ్యాక మా ఇంటికి తెచ్చుకున్నాను. పాంక్రియాస్‌లో గడ్డ అన్నారు. పెట్ స్కాన్ రాశారు. పరగడుపున తీసుకెళ్తే, చక్కెరలాంటి మందు నరంలోకి ఎక్కించి, గంటసేపు కదలకుండా పడుకోబెట్టి తీశారు. డాక్టరు నన్ను ఒక్కణ్ణే పిలిచి తెర మీద చూపించాడు. పొట్ట మధ్య ఒకటి, కాలేయంలో రెండు, వెలుగుతున్నాయి.

“గడ్డ చక్కెరను బాగా లాక్కుంటుందండి. ఎంత లాక్కుంటే అంత వెలుగు. ఈమెకు తొమ్మిది పాయింట్ ఆరు వచ్చింది.”

“అది ఎక్కువనా సార్?”

“ఎక్కువే. మామూలుగా అది మంచి సూచన కాదు. కీమో ఇచ్చి మళ్లీ చూద్దాం.”

తిండి గురించి ఆయన ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. గడ్డ చక్కెర తింటోంది, అన్నం చక్కెరవుతుంది, అన్నం తగ్గిస్తే గడ్డ ఎండుతుంది. బస్సు కొంపల్లి దాటేలోపే లెక్క తేలిపోయింది.

అక్క పూటలన్నీ కలిపి రోజుకు అయిదు గరిటెల అన్నం తినేది. ఆ రాత్రి నుంచి రెండు చేశాను. చాయ్‌లో చక్కెర తీసేశాను. అరటిపండు ఇంట్లోకి రానివ్వలేదు.

“గింతనే ఏంది తమ్మీ? పిట్టకు వెట్టినట్టు వెడుతున్నవ్.”

“గడ్డకు మేత వెయ్యొద్దక్కా. అది ఎండాలె.”

“అది ఎండేలోపు నేను ఎండుత గదరా.” నవ్వింది. “లారీలు తూసీ తూసీ నన్ను గూడ కాంటా ఎక్కించినవ్. తల్లిగారింట్ల తూసి వెడతరా ఎవరన్న? అమ్మ ఉంటే నీ చెయ్యి ఇరగ్గొడుతుండె.”

ఆడబిడ్డ తల్లిగారింటికి వస్తే వద్దన్నా వడ్డించడం మా రివాజు. ఆమె చెయ్యి అడ్డం పెడితే వేళ్ల మీదుగానైనా ఇంకో గరిటె పడాలి. మా అమ్మ అలాగే పెట్టేది. మా ఆవిడ రెండు రోజులు చూసి ఊరుకుని, మూడో రోజు గరిటె నా ముందు పడేసింది.

“నువ్వే వెట్టుకో. వదిన అన్నం అడుగుతాంది, ఆస్తి అడుగుతలేదు. గీ పాపం నా చేతులకొద్దు.”

నేనే పెట్టాను. ప్రతి రోజూ, రెండే.

మూడో కీమో అయ్యాక రెండో స్కాన్. కాగితం చేతికిస్తూనే అంకె వెతికాను. ఆరు పాయింట్ ఎనిమిది. బయట బెంచీ మీద అక్క పక్కన కూర్చుని, “తగ్గింది” అన్నాను. “ఆకలితోటి ఉన్నది ఊకెనే పోలే అయితే,” అంది, నా మోకాలి మీద చెయ్యి వేసి. ఆ చేతికి బరువు లేదు.

లోపల డాక్టరు ఆ అంకె దగ్గర ఆగలేదు. పైన ఇంకో వరుస మీద వేలు పెట్టాడు.

“మొదటిసారి రక్తంలో షుగర్ తొంభై ఎనిమిది. ఈసారి నూట తొంభై. పాంక్రియాస్ చెడితే పెరుగుతుంది, కీమోతో ఇచ్చే మందులకూ పెరుగుతుంది. రక్తంలో అంత ఉన్నప్పుడు గడ్డ స్కాన్‌కు ఎక్కించే చక్కెర మందును తక్కువ లాక్కుంటుంది, అంకె తక్కువ చూపిస్తుంది. సైజు చూడండి. పెరిగింది. కాలేయంలో అయిదు అయ్యాయి.”

ప్లాట్‌ఫాం మీద బురద ఉందో లేదో, ఖాళీ కాంటా సున్నా చూపిస్తోందో లేదో చూడకుండా నేను ఏనాడూ ఒక్క లారీని ఎక్కించలేదు. ఈ వరుస రెండు కాగితాల్లోనూ మొదటి పేజీలోనే ఉంది. చూడలేదు.

“అన్నం తగ్గించాను సార్, అది ఎండుతదని.”

ఆయన కాగితం కింద పెట్టాడు. “ఎవరు చెప్పారండి? దానికి కావలసింది అది ఒంట్లోంచి లాక్కుంటుంది. ఎండేది మనిషే. ఇకనుంచి ఏది అడిగితే అది పెట్టండి. షుగర్‌కు మందు నేను రాస్తాను.”

ఎన్నాళ్లని అడిగాను. “వారాలేనండి” అన్నాడు.

ఆ రాత్రి కంచం నిండా పెట్టాను. అక్క చూసి, “ఇగ ఎండిందా?” అంది. అవునన్నాను. రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని, మూడోది చేతిలోనే ఉంచుకుని, “దిగుతలేదు తమ్మీ” అంది. కంచం దూరం జరిపితే మళ్లీ దగ్గరికి లాక్కుంది. నేను బాధపడతానని తింటున్నట్టు కూర్చుంది.

అక్క ఇంకా ఇరవై రెండు రోజులు బతికింది. ఆ రోజుల్లో ఆమె గొంతు దిగింది, కక్కినవి తీసేస్తే, పద్నాలుగు గరిటెలు.

తగ్గించింది రోజుకు మూడు, అరవై ఏడు రోజులు. రెండు వందల ఒకటి. అందులోంచి పద్నాలుగు తీసేశాను. అక్కకు నేను ఈనాటికీ పెట్టాల్సింది నూట ఎనభై ఏడు.