కారం చేతుల ఆట

గురవమ్మ ముఖం చూస్తే యాభై ఆరేళ్లు, నడక చూస్తే నలభై. చేతులు చూసి మాత్రం ఆమె వయసు చెప్పడం ఎవరి తరమూ కాదు. అరచేతులు చెప్పుతోలులా గట్టిపడి, వేళ్ల చివర్లు ఇటుక రంగు తిరిగి ఉంటాయి. దర్శి అవతల ఒక మెట్ట పల్లెలో పుట్టి, పెళ్లయి గుంటూరు వచ్చింది మొదలు ఆ చేతులు చేసిన పని ఒకటే. ఎండుమిరపకాయల కుప్ప ముందు కూర్చుని, ఒక్కొక్క కాయకూ ముచ్చిక తుంచి అవతలికి విసరడం. మొదటి ఏడాది మంటకు ఏడ్చింది. రెండో ఏడాది ఆముదం పూసుకుంది. ఆ తర్వాత ఆ చేతులకు మంట అంటే ఏమిటో తెలియకుండా పోయింది.

భర్త బుల్లయ్య యార్డులో మిరప బస్తాలు మోసేవాడు. పోయి ఎనిమిదేళ్లయింది. పిల్లలు లేరు. కోల్డు స్టోరేజీల వెనక కాలనీలో ఒక డాబా ఇంటి పెరట్లో ఆమెకు రేకుల గది ఉంది. ముందు వాటాలో బ్యాంకు ఉద్యోగి కుటుంబం అద్దెకుండేది. వాళ్లమ్మాయి శ్రీదివ్య తొమ్మిదో తరగతి చదివేది. ఆ పిల్ల బడి నుంచి రాగానే టీవీ ముందు నిలబడి, చేతిలో తెల్లటి రిమోట్ పట్టుకుని, ఎదురుగా ఎవరూ లేకపోయినా బంతి విసిరినట్టు చెయ్యి ఊపుతూ ఉండేది. గురవమ్మకు అది కిటికీలోంచి కనబడేది. నాలుగు రోజులు ఓర్చుకుంది. అయిదో రోజు గడప దగ్గర నిలబడి అడగనే అడిగింది.

"ఏందమ్మా అది? ఈగలు తోలుతున్నావా?"

శ్రీదివ్య పడీ పడీ నవ్వి లోపలికి పిలిచింది. రిమోట్ తాడు మణికట్టుకు తగిలించి, మీట నొక్కిపట్టి చెయ్యి వెనక్కి తీసి ముందుకు ఊపమంది. ఊపుతూ మీట వదిలితే టీవీలో ఉన్న బొమ్మ బంతి దొర్లిస్తుందట. అవతల చివర పది సీసాలు నిలబెట్టి ఉన్నాయి. గురవమ్మ ఊపింది. పది సీసాలూ ఒక్కసారే పడ్డాయి. పిల్ల నోరు తెరిచింది. ముప్పై ఏళ్లుగా రోజుకు ఎన్ని వేల ముచ్చికలు విసిరిందో ఆ మణికట్టు, దానికి బంతి ఒక లెక్కా?

ఆ సాయంత్రమే శ్రీదివ్య ఆటలో గురవమ్మకు ఒక బొమ్మను తయారు చేసింది. నెరిసిన జుట్టు, కొప్పు, ఎర్ర చొక్కా. ముక్కుపుడక పెట్టే వీలు లేదంటే గురవమ్మ కాసేపు నొచ్చుకుంది గానీ, బొమ్మ తనలాగే కాళ్లు ఎడంగా పెట్టి నిలబడిందని మురిసిపోయింది. ఆ ఏడాదంతా సాయంకాలాలు అలాగే గడిచాయి. పని నుంచి వచ్చి, శుభ్రంగా స్నానం చేసి, తల దువ్వుకుని మరీ వెళ్లేది. బ్యాంకాయనకు జూన్‌లో సింగరాయకొండకు బదిలీ అయింది. వాళ్లు వెళుతూ పాత టీవీనీ, ఆటల పెట్టెనూ, రెండు రిమోట్లనూ గురవమ్మ గదిలో పెట్టించారు. ఏ మీట నొక్కితే ఏమవుతుందో శ్రీదివ్య పెద్ద పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి గోడకు అంటించింది.

"మామ్మా, ఒక్కదానివే ఆడకు, బోర్ కొడుతుంది. ఎవరినైనా పిలువు," అంది లారీ ఎక్కే ముందు.

పిల్ల చెప్పింది నిజమే. ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ తెర మీద ఎంతమంది ఆడతారని అడిగేది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గళ్లు వచ్చేవి. గురవమ్మ మొదటి గడి నొక్కేది. అలా నొక్కడం ఆమెకు నచ్చలేదు. ఇంట్లో ఎవరున్నారమ్మా అని జనాభా లెక్కలవాళ్లు అడిగితే నేనొక్కదాన్నే అని చెప్పినట్టుండేది. పది రోజులు చూసి, వీధిలోకి వెళ్లి ముగ్గురిని పట్టుకొచ్చింది.

ఒకరు ఎదురింటి వెంకటేశ్వరమ్మ, ఇడ్లీ బండి నడుపుతుంది. ఒకరు మిషన్ బడిలో ఆయాగా చేసే ప్రేమమ్మ. మూడోది రిహానా, ముప్పై ఏళ్ల పిల్ల, ఇంట్లోనే మిషను కుడుతుంది, మొగుడు లారీ డ్రైవరు. ఆదివారం ప్రార్థన అయి ప్రేమమ్మ గుడి నుంచి వచ్చి అన్నం తిన్నాక, రెండింటికి మొదలయ్యేది ఆట. నాలుగో గడి నొక్కేది గురవమ్మ, గట్టిగా, అందరికీ కనబడేలా. ముగ్గురికీ బొమ్మలు తయారయ్యాయి. వెంకటేశ్వరమ్మ తన బొమ్మకు నడుము సన్నగా పెట్టించుకుంది.

ఆ గదిలో ఆ ఏడు నెలలూ వినిపించిన నవ్వులు ఆ కాలనీలో అంతకు ముందు ఎవరూ విని ఉండరు. ప్రేమమ్మ బంతి వేసే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేది.

"ప్లాస్టిక్కు సీసాలు పడెయ్యడానికి కూడా ఆయన్నే పిలవాలా వదినా? ఆయనకు వేరే పని లేదా?" అనేది వెంకటేశ్వరమ్మ.

"నువ్వు పిలవకుండా వేశావుగా, ఎన్ని పడ్డాయో చూశాంగా," అనేది ప్రేమమ్మ కళ్లు తెరవకుండానే.

వెంకటేశ్వరమ్మ బంతి ప్రతిసారీ సీసాల దాకా పోకుండా దారి పక్కనున్న కాలవలో పడేది. పిండి రుబ్బే చెయ్యి, గుండ్రంగా తిరగడమే తప్ప తిన్నగా పోదు. గురవమ్మ ఆ మాట అని ఊరుకోకుండా చేసి కూడా చూపించేది. రిహానా గోడకు ఆనుకుని నవ్వలేక కూలబడేది. చివరికి గెలిచేది మాత్రం ఎప్పుడూ గురవమ్మే.

ఫిబ్రవరిలో కొత్త కాయ దిగింది. ఊరంతా లారీలు, వీధంతా దగ్గులు. గురవమ్మకు తెల్లారి ఆరు నుంచి చీకటి పడేదాకా పని. ఆదివారం కూడా ఒంటిగంట దాకా కుప్ప ముందు కూర్చుని, పరుగున ఇంటికొచ్చి, స్నానం చేసే వ్యవధి లేక సబ్బుతో చేతులు కడుక్కుని రిమోట్ పట్టుకునేది. ఒక ఆదివారం ప్రేమమ్మ తన మనవరాలు క్రిస్టీనాను వెంటబెట్టుకొచ్చింది. నాలుగేళ్ల పిల్ల. కాసేపు రిమోట్‌తో ఆడుకుంది, ఉన్నట్టుండి గుక్కపట్టి ఏడ్చింది. నిద్రకొచ్చినట్టుందని ప్రేమమ్మ ఎత్తుకుపోయింది. పై వారం రిహానా ఆట మధ్యలో చున్నీతో కళ్లు ఒత్తుకుంటూ, నలక పడిందని చెప్పి వెళ్లిపోయింది. ఆ పై వారం ఎవరూ రాలేదు.

మూడు ఆదివారాలు చూశాక గురవమ్మ వీధిలో పడింది. ఒక్కొక్కరినీ అడిగింది. వెంకటేశ్వరమ్మ మోకాళ్ల నొప్పులంది. నొప్పులున్న మనిషి పొద్దున్నే నాలుగు బిందెలు మోయడం గురవమ్మ కళ్లారా చూసింది. ప్రేమమ్మ గుడిలో మీటింగులంది. రిహానా పెళ్లిళ్ల సీజను, తల ఎత్తే తీరిక లేదంది. ముగ్గురూ ఆమె ముఖం చూడకుండా చెప్పారు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఆలోచిస్తే గురవమ్మకు కారణం తట్టింది. తాను ఎప్పుడూ గెలుస్తోంది. గెలిచి ఊరుకోకుండా వెక్కిరిస్తోంది. అరవై ఏళ్ల వెంకటేశ్వరమ్మను, అందరి ముందూ, పిండి రుబ్బుతున్నావా అని ఎన్నిసార్లు అంది? ఎవరు మాత్రం పడతారు? తన నోరే తన కొంప ముంచిందని నెత్తి కొట్టుకుంది.

మర్నాటి నుంచి ఓడిపోవడం నేర్చుకోవడానికి కూర్చుంది. అదేమంత తేలిక కాదు. మనసు పక్కకు వెయ్యమంటుంది, మణికట్టు తిన్నగా వేస్తుంది. ఎడమ చేత్తో వేసింది. కళ్లు మూసుకుని వేసింది. వారం రోజులు కష్టపడితే పదిలో అయిదుసార్లు బంతి కాలవలోకి పోయింది. అప్పుడు వెళ్లి వెంకటేశ్వరమ్మ బండి దగ్గర నిలబడింది.

"ఈ ఆదివారం రావే. నువ్వే గెలుస్తావు చూడు. నాకిప్పుడు చెయ్యి తిరగడం లేదు."

వెంకటేశ్వరమ్మ ఇడ్లీ రేకులు దించుతూ ఆమె చేతుల వంక ఒకసారి చూసి, ఏదో అనబోయి, ఎవరో చట్నీ అడిగితే అటు తిరిగింది. ఆదివారం రాలేదు.

గురవమ్మ రెండింటికి టీవీ పెట్టింది. నాలుగో గడి మీదికి పోయి, వెనక్కి వచ్చి, ఒకటి నొక్కింది. ఆ ఆటలో ఒక చిత్రం ఉంది. ఎవరు ఆడుతున్నా, పెట్టెలో ఉన్న మిగతా బొమ్మలు వెనక నిలబడి చూస్తూ ఉంటాయి. సన్న నడుము వెంకటేశ్వరమ్మ, ప్రేమమ్మ, రిహానా, ఒక చివర శ్రీదివ్య. పది సీసాలు పడితే అందరూ చప్పట్లు కొడతారు. ఓడి చూపించడానికి ఎదుట ఎవరూ లేరు గనుక గురవమ్మ ఆ రోజు ఓడిపోలేదు. వరసగా పది సీసాలూ పడగొడుతూ పోయింది. తెర మీద చప్పట్లు, గదిలో ఫ్యాను చప్పుడు.

ఏప్రిల్ నెల మధ్యలో, ఏదైతే అదయిందని రెండు మామిడిపళ్లు కొంగున కట్టుకుని ప్రేమమ్మ ఇంటికి వెళ్లింది. అరుగు మీద క్రిస్టీనా ఆడుకుంటోంది. పండు ఇవ్వబోతే పిల్ల చేతులు రెండూ వెనక దాచుకుని గోడ దాకా జరిగింది.

"నాకొద్దు మామ్మా. నీ చెయ్యి కారం."

లోపల నుంచి ప్రేమమ్మ పరుగెత్తుకొచ్చి పిల్లను గదమాయించింది. గురవమ్మ పళ్లు అరుగు మీద పెట్టి, అక్కడే నిలబడి, ఏమయిందో చెప్పేదాకా కదలనంది. ప్రేమమ్మ కొంగు మడతలు సరిచేసుకుని అప్పుడు చెప్పింది. ఆ ఆదివారం పిల్ల రిమోట్ నోట్లో పెట్టుకుందట, ఆ చేత్తోనే కళ్లు నులుముకుందట. దీపాలు పెట్టేదాకా కళ్లు తెరవలేదట. రిహానాకూ అంతే అయిందట. నలకా లేదు, ఏమీ లేదు.

"మరి నాతో చెప్పొచ్చుగా వదినా?"

"ఏమని చెప్పను? నువ్వు ఆ చేతుల మీదే బతుకుతున్నావు. ఆ చెయ్యి మండుతోందని నీకే ఏ నోటితో చెప్పను?"

గురవమ్మ ఇంటికొచ్చి టీవీ పెట్టలేదు. రిమోట్ తీసి అరచేతిలో రుద్దుకుంది. ఏమీ తెలియలేదు. నాలుక చివర ఆనించింది. భగ్గుమంది. నీళ్లు తాగలేదు. మంట దానంతట అది తగ్గేదాకా అలాగే మంచం మీద కూర్చుంది. ఇంతకాలం వాళ్లు తన మీద కోపంతో రాలేదనుకుంది. కోపమయితే బతిమాలితే పోయేది.

శ్రీదివ్య దగ్గర ఏడాది పాటు ఆడిన చేతులే కదా ఇవి, అప్పుడెందుకు మండలేదని తనను తానే అడిగింది. అప్పుడు స్నానం చేసి వెళ్లేది. పెద్దింటికి వెళుతున్నాను కదా అని. వ్యవధి లేదని, తన ఇంటికి తనవాళ్లే వస్తున్నారు కదా అని ఈసారి ఆ మర్యాద మరిచింది.

మేలో యార్డుకు సెలవులిచ్చారు, పని పలచబడింది. గురవమ్మ ఆముదం తడిపిన గుడ్డతో రిమోట్లు తుడిచింది, సబ్బు నురగ గుడ్డతో తుడిచింది, పొడి గుడ్డతో తుడిచింది. మీటల సందులు చీపురు పుల్లకు దూది చుట్టి తీసింది. తుడిచిన ప్రతిసారీ నాలుకకు ఆనించి చూసుకుంది. మూడో రోజుకు మంట పోయింది. తర్వాత రిహానా ఇంటికి వెళ్లి, గడప లోపలికి అడుగు పెట్టకుండా, రిమోట్‌కు సరిపోయేలా నాలుగు గుడ్డ తొడుగులు కుట్టమంది. నాలుగూ నాలుగు రంగులు. ఎవరిది వాళ్లకు, ఆడేటప్పుడు ఎక్కించుకుని, అవగానే తీసేసుకునేట్టు. ఎందుకని రిహానా అడగలేదు. టేపు తీసి కొలత వేసుకుంది.

ఆదివారం పొద్దున గురవమ్మ ముగ్గురి గుమ్మాల ముందూ నిలబడి, రిమోట్లు శుభ్రం చేశానని చెప్పి వచ్చింది. రమ్మని బతిమాలలేదు. రెండయింది. రెండుంబావు అయింది. వెంకటేశ్వరమ్మ తలుపు దగ్గరగా వేసే ఉంది. ప్రేమమ్మ వీధి చివర మనవరాలి చెయ్యి పట్టుకుని అటు వెళ్లిపోతూ కనబడింది.

రెండున్నరకు రిహానా వచ్చింది, చేతిలో జాకెట్టు ముక్కలతో కుట్టిన నాలుగు తొడుగులు పట్టుకుని.

"ఎర్రది నీకు, పిన్నీ. నీలం నాది."

గురవమ్మ రెండో గడి నొక్కింది. ఇద్దరూ ఆడారు. రేకుల వేడికి రిహానా నుదురంతా చెమట పట్టింది. నీలం తొడుగు తీసి, ఒట్టి రిమోట్ పట్టుకుని బంతి వేసింది. వేసి, చెమట కంట్లోకి కారుతుంటే అదే చేత్తో కన్ను తుడుచుకుంది. తెర మీద ఎన్ని సీసాలు పడ్డాయో గురవమ్మ చూడలేదు. రిహానా కన్నే చూస్తూ నిలబడింది. రెప్ప కొట్టుకుంది. మళ్లీ కొట్టుకుంది. కన్ను తెల్లగానే ఉంది.

తెలిసే తుడుచుకుందో, తెలియకే తుడుచుకుందో గురవమ్మ అడగలేదు.

"నీ వంతు పిన్నీ. ఏం చూస్తున్నావు?"

గురవమ్మ వేసింది. బంతి తిన్నగా కాలవలోకి పోయింది. నేర్చుకున్న విద్య కాదు, చూపు ఇంకా రిహానా కంటి మీదే ఉంది. రిహానా గోడకు ఆనుకుని నవ్వింది. ఇంకో ఆట ఆడి, పిండిన బట్టలు ఆరేయాలని లేచింది. వచ్చే వారం సంగతి ఆమె చెప్పలేదు, గురవమ్మా అడగలేదు.

ఆమె వెళ్లాక గురవమ్మ ఎర్ర తొడుగూ నీలం తొడుగూ ఉతికి తీగ మీద వేసింది. పసుపుదీ ఆకుపచ్చదీ ఎవరూ తొడగనివి, మడత విప్పకుండా గోడ మేకుకు తగిలించింది. టీవీ కట్టేసే ముందు రెండు రిమోట్లూ ఒకదాని తర్వాత ఒకటి నాలుకకు ఆనించి చూసింది. ఏ రుచీ లేదు. తుడిచి పెట్టెలో పెట్టింది.