జలపాతానికి పనసపండుతో

నేను చెప్పే ఏనుగు కథలు మదనపల్లెలో మా వీధి వాళ్లందరికీ తెలుసు. ఒక కథలో ఏనుగు నా స్కూటర్‌ని ఎత్తి చింతకొమ్మకు తగిలించింది. ఇంకో కథలో దాన్ని దింపి, కిక్కు కొట్టి మరీ ఇచ్చింది. మా ఆవిడ తమ్ముడికి ఇవన్నీ కంఠతా వచ్చు. ఆ రోజు నా మాటకు విలువ లేకుండా పోయింది అందుకే.

వానలు మొదలైన కొత్తలో ఇద్దరం బండి మీద బయలుదేరాం. కుప్పం దాటాక అడవిలో ఒక జలపాతం ఉంది, అరగంట నడక. నీళ్ల దగ్గర కూర్చుని తిందామని అతను పుంగనూరులో బాగా మాగిన పనసపండు కొన్నాడు.

అడవి మొదట్లో టమోటా తోట. గట్టు మీద కూర్చున్న పెద్దామె అతని భుజం మీది పండు చూసి లేచి నిలబడింది.

“యాడికప్పా, దాన్ని ఎత్తుకోని? మూడు దినాలుగా ఏనుగులు ఈడనే తిరగతాండాయి. వాసన పట్టుకోని వస్తాయి. పారేసి పోండి.”

అతను నావైపు తిరిగి నవ్వాడు. “ఈయమ్మకు ఎప్పుడు నేర్పిచ్చినావు బావా?”

“అమ్మతోడు, నాకేం తెలీదప్పా.”

“సరేలే. ఈ తూరి ఏనుగు ఏం చేస్తాది? బండికి పెట్రోలు పోస్తాదా?”

మేం చెట్లలోకి వెళ్లేదాకా ఆమె చూస్తూనే ఉంది.

పది నిమిషాలు నడిచేసరికి జలపాతం హోరు వినబడింది. పక్షి కూత మాత్రం ఒక్కటీ లేదు. దారి పక్కన వెదురు విరిగి ఉంది, విరిగిన చోట ఇంకా తడి. ముందు అతను, అతని వెనకే పండు వాసన. కాళ్ల దగ్గర ఏనుగు లద్దె కనబడితే వంగి చెయ్యి దగ్గర పెట్టాను. వెచ్చగా ఉంది.

“రేయ్, నిలుసుకో. ఏనుగు ఈడనే ఉండాది.”

“ఎన్ని దంతాలు బావా? పోయిన తూరి మూడన్నావు.” ఆగకుండానే అన్నాడు.

కుడివైపు పొదల్లో ఏదో పెద్దగా ఊపిరి వదిలింది. తన నవ్వులో అతనికి వినబడలేదు. మా ఆవిడకు తోడబుట్టినవాడు ఇతనొక్కడే. నిజం చెబితే ఆగడు. ఇన్నేళ్లూ ఏనుగంత అబద్ధాలు చెప్పినవాడికి, అతను నమ్మేంత చిన్నది ఒకటి కావాల్సి వచ్చింది.

దారి మీద కూలబడ్డాను. “అబ్బా, మోకాలు! పట్టేసిందప్పా, లేయలేను.”

“ఈ వయసులో నీకు యాల బావా ఇవన్నీ? అక్క చెప్తే వినవు” అని తిడుతూ వెనక్కి వచ్చాడు. పండూ నేనూ కలిసి అతని భుజానికి పట్టం. ఒకసారి పండువైపు, ఒకసారి నావైపు చూశాడు. ఎంతసేపు చూస్తాడ్రా దేవుడా అనుకున్నాను. చివరికి దాన్ని దారిలో దించి, నా చెయ్యి మెడ చుట్టూ వేసుకున్నాడు.

యాభై అడుగులు వచ్చామో లేదో, వెనక పండు పగిలిన చప్పుడు. తడిగా, నెమ్మదిగా. తర్వాత నమలడం. అతని మెడ మీద వెంట్రుకలు లేవడం నా చేతికి తెలిసింది. ఇద్దరం తిరిగి చూడలేదు. నేను కుంటడం మానలేదు. మానితే అతను పరుగెత్తుతాడు, అడుగుల చప్పుడు వింటే వెనకున్నది కదులుతుంది.

బండి దగ్గర అతను తాళంచెవి రెండుసార్లు కింద పడేసుకున్నాడు.

“బావా, నిజంగానే మోకాలు పట్టేసిందా?”

“నిజమే.”

ఇంట్లో మా ఆవిడ వేడి ఉప్పుతో కాపడం పెడుతుంటే అతను పక్కనే నిలబడి చూశాడు. అప్పుడైనా ఏనుగు మాట ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.